మంచు తరిమిన పిట్టలు

“రాత్రి బాగా మంచు పడింది” అని ఎవరైనా అంటే మీ కళ్ల ముందు ఏం కనిపిస్తుంది? అనంతపురం జిల్లా యాడికిలోనో, రాయలచెరువులోనో, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనో ఉన్నవారికైతే పుష్యమాసపు పొద్దు కనిపిస్తుంది. శనగ చేలో నాలుగడుగులు వేసేసరికి పంచె అంచు తడిసి కాళ్లకు అతుక్కుంటుంది. దూరంగా ఉన్న గుట్ట కనబడకుండా పోతుంది. ఇదే మాట అమెరికాలోని డాలస్ నుంచి మన పిల్లలు ఫోన్లో చెప్పారనుకోండి, అప్పుడు కనిపించేది వేరు. ఇంటి ముందు కారు కనబడదు, మెట్లు కనబడవు, అంతా తెల్లగా దూది పరిచినట్టుంటుంది. ఒకటే మాట, రెండు దృశ్యాలు. తెలుగువాడు ఈ రెండింటికీ వేరు వేరు మాటలు పెట్టుకోలేదు. ఆకు మీద నిలిచిన బొట్టూ మంచే. పొద్దున్నే పొగలా కమ్ముకునేదీ మంచే. హిమాలయాల మీద పేరుకుని గట్టిపడేదీ మంచే. హిమం, తుహినం లాంటివి పుస్తకాల్లో ఉన్నాయి గానీ నోటిమాటకు మంచు ఒక్కటే. ఈ సంగతితోనే ఎందుకు మొదలుపెడుతున్నానంటే, ఇవాళ నేను చెప్పదలచుకున్న విషయం ఈ ఒక్క మాటలోనే ఉంది. మంచు కురిసే వేళ కిటికీ దగ్గర కూర్చుని పిట్టల్ని చూసుకునే సంతోషం మంచు దేశాల వాళ్ల సొత్తు కాదు. అదే సంతోషం, అదే కారణం వల్ల, అనంతపురం కరువు నేల మీద కూడా దొరుకుతుంది. వినడానికి ఇది వింతగా ఉండొచ్చు. కాసేపు నాతో ఉండండి, ఎలాగో చెబుతాను.

ముందు ఆ డాలస్ సంగతే చూద్దాం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రం మీద ఎవరూ ఊహించని చలి విరుచుకుపడింది. అది వేడి నేల. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది మన వాతావరణానికి దగ్గరగా ఉంటుందని కూడా సంతోషించేవారు. అలాంటి చోట ఫిబ్రవరి 16న డాలస్‌లో చలి సున్నాకు దిగువన 19 డిగ్రీల దాకా పోయింది. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొళాయిల గొట్టాలు గడ్డకట్టి పగిలిపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. సముద్రపు ఒడ్డున తాబేళ్లు చలికి బిగుసుకుపోతే, వేల తాబేళ్లను జనం మోసుకొచ్చి ఒక పెద్ద సభా భవనంలో నేల మీద వరసగా పడుకోబెట్టి కాపాడారు. ఇంత కష్టంలోనూ ఇంకొకటి జరిగింది. ఆ రోజుల్లోనే, అంటే ఫిబ్రవరి 12 నుంచి 15 దాకా, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్క నడిచింది. 1998లో అమెరికాలో మొదలైన పద్ధతి ఇది. పెద్ద చదువు అక్కరలేదు. ఒకచోట కనీసం 15 నిమిషాలు కూర్చుని, కనబడిన పిట్టల్ని రాసిపెట్టడం, అంతే. మన దేశంలోనూ 2013 నుంచి జనం ఇందులో పాల్గొంటున్నారు. మంచు ముంచెత్తిన పెరడు, గింజలు పోసిన డబ్బా, దాని మీద నిప్పుకణికలా ఎర్రటి కార్డినల్ పిట్ట. మంచు పడినప్పుడల్లా అక్కడి నుంచి వాట్సాప్‌లో ఇలాంటి బొమ్మలు మన ఊళ్లకూ చేరుతుంటాయి. చూసినవాళ్లు “అబ్బ, ఎంత బాగుందో” అంటారు. వెంటనే, “మనకెక్కడిది ఆ అదృష్టం” అని కూడా అంటారు. ఈ రెండో మాట దగ్గరే నాకు పేచీ ఉంది.

మంచు పడినప్పుడు పిట్టలు అంత దగ్గరగా, అంత బాగా ఎందుకు కనబడతాయి? ఆ రోజు కొత్త పిట్టలు పుట్టుకురావు. ఉన్నవే, రోజూ ఉన్నవే. పక్షికి చలి మనం అనుకున్నంత శత్రువు కాదు. ఈకలు ఉబ్బించుకుని, వాటి మధ్య గాలిని బిగించి పట్టుకుంటుంది. అదే దానికి రగ్గు. దాని అసలు శత్రువు ఆకలి. చిన్న పిట్ట పగలంతా తిని ఒంట్లో దాచుకున్న కొవ్వును రాత్రంతా కరిగించుకుంటూ వెచ్చగా ఉంటుంది. తెల్లారేసరికి ఆ నిల్వ దాదాపు అయిపోతుంది. వెంటనే తినాలి. మంచు పడితే గింజా, పురుగూ, గడ్డీ అన్నీ కప్పబడిపోతాయి. తిండి దొరికే చోట్లు పది నుంచి ఒకటికి వస్తాయి. ఆ ఒక్కచోటికీ పిట్టలన్నీ చేరతాయి. ఆ చోటు మనిషి గింజలు పోసిన పెరడైతే, మనిషి కళ్ల ముందుకే చేరతాయి. పైగా ఆకులు రాలిన చెట్లు, వెనకాల తెల్లటి నేల, పనులు ఆగిపోయి ఇంట్లో కూర్చున్న మనిషి. చూసే చోటు, చూసే తీరిక, చూడాల్సిన పిట్ట, మూడూ ఒకచోట కలిశాయి. అంటే మంచు చేసిన పని ఏమిటి? దేన్నో తక్కువ చేసింది. తక్కువ చేసి, ఉన్నవాటిని ఒకచోటికి చేర్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ చెబుతున్నాను. మంచు తక్కువ చేస్తుంది, తక్కువ చేసి చేరుస్తుంది.

ఇప్పుడు యాడికికి వద్దాం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మనది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. అక్టోబరు, నవంబరు వానలు పోయాక నీళ్లు రోజురోజుకూ ముడుచుకుంటాయి. వాగు మడుగులవుతుంది. మడుగు బురదవుతుంది. చెరువు నడిమికి చేరుతుంది. డిసెంబరు, జనవరి వచ్చేసరికి మైళ్ల కొద్దీ ఎండిన నేల, అందులో అక్కడొక కుంట, ఇక్కడొక బోరు. పిట్టకు నీళ్లు కావాలి, తడి నేల మీద బతికే పురుగు కావాలి. ఎక్కడికి పోతుంది? ఆ కుంటకే వస్తుంది, ఆ బోరు దగ్గరికే వస్తుంది. చెట్లు గుబురుగా లేవు కాబట్టి దాక్కోవడానికి చోటు లేదు. తుమ్మ కొమ్మ మీద కూర్చున్నా, కరెంటు తీగ మీద కూర్చున్నా, రాతి గట్టు మీద కూర్చున్నా అర ఫర్లాంగు నుంచి కనబడుతుంది. కోనసీమ తోటల్లో ఇంతకు పదింతలు పిట్టలు ఉండొచ్చు. వాటి కూత వినబడుతుంది గానీ, ఆకుల మధ్య పిట్ట కనబడాలంటే మెడ నొప్పి పుట్టాలి. మెట్ట నేల అలా కాదు, దాచుకోదు. అక్కడ మంచు చేసే పనే ఇక్కడ కరువు చేస్తుంది. తక్కువ చేస్తుంది, తక్కువ చేసి చేరుస్తుంది. కోన ఉప్పలపాడు వైపు సున్నపురాతి గుట్టల కింద జనవరి పొద్దున నిలబడ్డ మనిషికీ, మంచు పడ్డ పెరట్లోకి చూస్తున్న డాలస్ మనిషికీ దొరికే దృశ్యానికి మూలం ఒక్కటే.

ఒక్క పిట్టను దగ్గరగా చూపిస్తాను. బోరు మోటారు వేశారు. గొట్టం నుంచి నీళ్లు కాలువలోకి దుముకుతున్నాయి. చలి పొద్దు కాబట్టి, లోపలి నుంచి వచ్చిన నీళ్లు గాలికంటే వెచ్చగా ఉండి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆ కాలువ గట్టు మీద, తడి మట్టి మీద, పిచ్చుకంత ఒళ్లు, పొడుగాటి తోక ఉన్న పిట్ట ఒకటి తిరుగుతోంది. గెంతదు, నడుస్తుంది. గబగబా నాలుగడుగులు, ఆగడం, తోక కిందికీ పైకీ ఆడించడం, మళ్లీ నాలుగడుగులు. ముఖం తెల్లగా, గొంతు కింద నల్లటి మచ్చ. కాటుక పెట్టినట్టుంటుందని మనవాళ్లు దాన్ని కాటుకపిట్ట అన్నారు. కావ్యాల్లో దాన్నే ఖంజరీటం అంటారు. దాని బరువు 20, 25 గ్రాములు. ఒక గుప్పెడు చెనక్కాయలంత కూడా ఉండదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది, మార్చి, ఏప్రిల్ దాకా ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తుంది? హిమాలయాల నుంచి, ఇంకా అవతల ఆసియా ఉత్తరపు నేలల నుంచి. అక్కడ మంచు పడి నేల మూసుకుపోతే, తడి మట్టి కోసం ఇంత దూరం వచ్చింది. ఇక్కడ ఏడాది పొడుగునా ఉండే కాటుకపిట్ట ఇంకొకటి ఉంది. అది కాస్త పెద్దది, కంటి మీద తెల్ల గీత ఉంటుంది. కొంచెం నిలబడి చూస్తే రెంటికీ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది. గడ్డకట్టిన మంచు యాడికికి రాదు, నిజమే. ఆ మంచు తరిమిన పిట్ట మాత్రం వస్తుంది. వచ్చి, మన బోరు కాలువ గట్టు మీద తోక ఆడిస్తుంది.

ఇదొక్కటే కాదు. యాడికికి ఉత్తరాన, నంద్యాల జిల్లాలో రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డి నేల అది. బట్టమేక పిట్ట అక్కడ దాదాపు కనుమరుగైంది. ఆ బాధ వేరు. చలికాలంలో ఆ గడ్డిలోకి కజకిస్తాన్ వైపు మైదానాల నుంచి పిల్లిగద్దలు వస్తాయి. మామూలు గద్దలా ఆకాశంలో గిరికీలు కొట్టవు. రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని, చేను మీద మనిషి ఎత్తున, తేలుతున్నట్టు పోతుంటాయి. మిడతల్ని పట్టుకుంటాయి. రాత్రి చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదే గుంపులుగా పడుకుంటాయి. పడమరగా కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువు ఉంది. అక్కడికి టిబెట్టు, మంగోలియా వైపు నుంచి తల మీద రెండు నల్ల చారలున్న బాతులు దిగుతాయి. హిమాలయాలను దాటుతూ ఏడు వేల మీటర్ల ఎత్తు దాకా ఎగిరినట్టు పరికరాలు కట్టి చూసినవాళ్లు నమోదు చేసిన పక్షి అది. అంత ఎత్తు ఎగిరొచ్చి, మాగడి దగ్గర తినేదేమిటి? కోత కోసిన చేలల్లో మిగిలిన చెనక్కాయలు. ప్రపంచపు కప్పు మీదుగా వచ్చిన పక్షి, మన కూలీలు ఏరగా మిగిలిన కాయను ఏరుకుంటోంది. మెట్ట పంట చేను ఎంత దూరం దాకా చుట్టరికం కలుపుకుంటుందో చూశారా.

ఇక్కడ మీలో కొందరు ఒక ప్రశ్న అడుగుతారు. అడగాలి కూడా. “అయ్యా, కడుపు నిండినవాడికి ఇవన్నీ బాగానే ఉంటాయి. పంట ఎండి, అప్పు తీరక, బెంగళూరుకో కేరళకో కూలికి పోయే మనిషికి పిట్టను చూసే తీరిక ఎక్కడిది? ఇది ఉన్నవాళ్ల సరదా కాదా?” ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. కరువు అనే మాట ఇక్కడ పుస్తకంలో మాట కాదు. ఐతే ఈ ప్రశ్నకు జవాబు కూడా కరువు నేలల్లోనే ఉంది. రాజస్థాన్‌లో ఫలోదీ దగ్గర ఖీచన్ అనే ఊరుంది. థార్ ఎడారి అది. మనకంటే ఎండిన నేల. ఆ ఊరికి ప్రతి చలికాలం మంగోలియా, కజకిస్తాన్ల నుంచి వేల కొంగజాతి పక్షులు, కుర్జాలని వాళ్లు పిలుచుకునేవి, వస్తాయి. ఊరివాళ్లు ఒక ఆవరణ కట్టి, పొద్దున్నే వాటికి జొన్నలు చల్లుతారు. మన దగ్గరే, హిందూపురం అవతల చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీద, ఇళ్ల కప్పులకు దగ్గరగా గూళ్లు కడతాయి. ఇవి మంచు దేశం నుంచి వచ్చేవి కావు, మన దేశపు చెరువుల మధ్యే తిరిగేవి. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది, చాలామంది విదేశీ పక్షులంటారు. కింద రెట్ట పడుతుంది, చేప ముక్కలు పడతాయి, నీచు వాసన. ఐనా ఆ ఊరు తరతరాలుగా వాటి జోలికి ఎవరినీ పోనివ్వదు. అవి వచ్చిన ఏడు మేలు జరుగుతుందని అక్కడి నమ్మకం. వీరాపురం ధనవంతుల ఊరు కాదు, ఖీచన్ నీళ్లున్న ఊరు కాదు. అంటే ఈ సంతోషం కడుపు నిండాక మొదలయ్యేది కాదు. లేమిలో ఉన్న మనిషే పక్షి లేమిని గుర్తుపట్టాడు. నీళ్లు లేక ఎగిరొచ్చినదాన్ని, నీళ్ల విలువ తెలిసినవాడే అర్థం చేసుకున్నాడు. దీన్ని సరదా అంటే ఆ ఊళ్లను తక్కువ చేసినట్టే.

రెండో అభ్యంతరం రైతుది. “పిట్టలంటే మీకు ముద్దు. జొన్న పాలకంకి మీద పడ్డప్పుడు మా గతేంటి?” నిజం. మంచె ఎక్కి, వడిసెల తిప్పి, గొంతు పోయేలా అరిచి చేను కాసుకున్న మనిషిని, పిట్టల్ని ప్రేమించు అని ఉత్తమాట చెప్పకూడదు. రామచిలుకలు సజ్జకు, జొన్నకు నష్టం చేస్తాయి. చలికాలంలో గుంపులుగా వచ్చే గులాబి రంగు గోరింకలూ జొన్న గింజ తింటాయి. ఇది దాచిపెట్టే వాదన నాకు అక్కరలేదు. కానీ లెక్కలో రెండో పక్క కూడా చూడాలి. ఆ గులాబి గోరింక మధ్య ఆసియాలో గూడు కట్టుకునేటప్పుడు మిడతల మీదే పిల్లల్ని సాకుతుంది. ఎంతగా అంటే, చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గించుకోవడానికి ఆ పక్షి కోసం ప్రత్యేకంగా గూళ్లు కట్టి పెట్టారు. ఇక మన శనగ చేను సంగతి. శనగపచ్చ పురుగు పడితే కాయకు తొలిచిన రంధ్రమే మిగులుతుంది. అందుకే వ్యవసాయ శాఖవాళ్లు చేలో అక్కడక్కడ అడ్డకర్రలు కట్టిన గుంజలు పాతమంటారు. పక్షి స్థావరాలు అంటారు వాటిని. ఆ కర్ర మీద పసులపోలిగాడు వచ్చి కూర్చుంటాడు. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, చీలిన తోక. కూర్చుని, చూసి, దుమికి పురుగును పట్టుకుని మళ్లీ అదే కర్ర మీదికి వస్తాడు. మందు డబ్బాకు డబ్బు పెట్టిన రైతుకు ఈ కూలివాడి విలువ తెలుసు. కాబట్టి నేను చెప్పేది అన్ని పిట్టల్నీ ఒకే గాట కట్టి ప్రేమించమని కాదు. తేడా చూడమని. తేడా తెలియాలంటే ముందు చూడాలి. చూసే అలవాటే లేకపోతే పసులపోలిగాడినీ చిలుకనూ ఒకే రాయితో కొడతాం.

మూడో అభ్యంతరం కాస్త లోతైనది. కష్టాన్ని చూసి అందం అనడం కఠినత్వం కాదా? దీనికి మన తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు వడగళ్ల వాన కురిసి, పొలాలూ దారులూ తెల్లగా కప్పుకుపోయాయి. నిమిషాల్లో ఆ వీడియోలు ఊరూరా తిరిగాయి. కాశ్మీరంలా ఉందని జనం మురిసిపోయారు. ఆ తెల్లదనం కింద పంట నలిగి ఉంది. ఆ మురిపెం నాకు నచ్చలేదు. టెక్సాస్ మంచు కూడా అంతే, దాని కింద 246 ప్రాణాలున్నాయి. కరువు నేల మీద పిట్టలు బాగా కనబడుతున్నాయంటే, నీళ్లు అడుగంటాయనే దాని అర్థం. ఈ నిజాన్ని పక్కన పెట్టి పిట్ట అందం ఒక్కటే చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. ఐతే కాశ్మీరంలా ఉందని మురిసినవాళ్లకూ, కిటికీలోంచి పిట్టను చూసి గింజలు పోసిన మనిషికీ తేడా ఉంది. మొదటివాళ్లు దూరం నుంచి బొమ్మను చూశారు. రెండో మనిషి ఆ చలిలోనే ఉండి, తన పక్కన ఉన్న ఇంకో ప్రాణి కూడా అదే చలిలో ఉందని గమనించాడు. ఆ సంతోషంలో ఒక తోడు ఉంది. మంచు కాలంలో గింజల డబ్బా ఏమిటో, మనకు ఎండలు ముదిరేటప్పుడు గోడ మీద పెట్టిన నీళ్ల మూకుడు అదే. మట్టి మూకుడు, రెండు వేళ్ల లోతు నీళ్లు, మధ్యలో కాలు మోపడానికి ఒక రాయి. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే రోగాలు అంటుతాయి. కోస్తా పల్లెల్లో సంక్రాంతికి వరికంకుల కుచ్చు అల్లి పిచ్చుకల కోసం చూరుకు కట్టేవారు. కొత్త పంట ఇంటికి వచ్చిన రోజున తమ వాకిట్లో వాటికీ ఒక వాటా పెట్టారు. అమెరికా పెరట్లో గింజల డబ్బా చేసే పనే మన చూరుకు వేలాడిన ఆ కుచ్చు చేసింది.

“మాకు పక్షుల పేర్లు తెలియవు, అవి శాస్త్రజ్ఞులు చూసుకోవాల్సినవి” అనేవాళ్లు కూడా ఉంటారు. ఈ మాటకు మన పెన్నా లోయే జవాబు చెబుతుంది. కలివికోడి సంగతి విన్నారు కదా. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే వైద్యుడు దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. 1900లో పెన్నా లోయలో చివరిగా కనబడిందని రాసుకున్నారు. ఆ తర్వాత 85 ఏళ్ల పాటు దాన్ని చూసినవాళ్లెవరూ పుస్తకానికి ఎక్కలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో, సరిగ్గా ఇలాంటి చలికాలంలోనే, కడప జిల్లాలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. ఎలా దొరికింది? బొంబాయి నుంచి వచ్చిన పరిశోధకులు ఊరివాళ్లకు దాని బొమ్మ చూపించి అడిగితే. ఊరివాళ్ల నోట్లో ఆ పేరు అప్పటికే ఉంది. కలివి పొదల్లో తిరిగే కోడి, కలివికోడి. శాస్త్రం పోగొట్టుకున్న పిట్టను పల్లె నాలుక పోగొట్టుకోలేదు. దసరా నాడు జమ్మి దగ్గరికి పోయి పాలపిట్టను చూసి రావడం శుభమని మన పెద్దలు పెట్టారంటే, ఏడాదికి ఒక్కసారైనా ఊరంతా కలిసి ఒక పిట్ట కోసం వెతకాలనే కదా. పాలపిట్ట తీగ మీద కూర్చున్నంతసేపూ మట్టి రంగుగా, మామూలుగా ఉంటుంది. దుమికిన క్షణాన రెక్క విప్పితే ఆ నీలం! కూర్చున్నది లేచేదాకా ఓపిక పట్టినవాడికే ఆ నీలం దక్కుతుంది. ఈ ఓపిక మన పండుగలో ఉంది. కొత్తగా ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు.

పిట్టల సంగతి చెబుతూ చలికాలపు తిండి గురించి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. ఎందుకంటే రెంటి వెనకా ఉన్నది ఆ మంచే. నల్లరేగడిలో శనగ వానతో పండదు. నేల లోపల దాచుకున్న తేమతో, పైన పడే మంచుతో పండుతుందని రైతులంటారు. ఆ శనగ ఆకు మీద నిలిచిన మంచు నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది. ఆకు తనలోంచి ఊర్చే పులుపు అది. పూర్వం రాత్రి పూట చేను మీద పలుచటి బట్ట పరిచి, తెల్లవారుజామున పిండి, ఆ పులుసును సీసాల్లో పట్టి అరగని కడుపుకు మందుగా దాచుకునేవారు. మంచును బట్టతో పట్టి సీసాలో పోసుకున్నవాళ్లం మనం. అనపకాయ కూడా అంతే. మంచు పడితే గాని దానికి ఆ కమ్మటి వాసన రాదంటారు. గింజల్ని నానబెట్టి, తోలు పితికి, పితికిపప్పు చేసి, జొన్నరొట్టె పక్కన పెట్టుకుంటే ఆ నెలల్లో ఇంకేం కావాలనిపించదు. వాకిట్లో ఎవరో చలిమంట వేస్తారు. పచ్చి శనగకొమ్మల్ని ఆ మంటలో కాలుస్తారు. వేళ్లు నల్లబడతాయి, మూతి నల్లబడుతుంది. పక్కనే ఒలిచి పారేసిన పొట్టులో గోరింకలు వెతుక్కుంటాయి. ఇందులో డబ్బు పెట్టి కొన్నది ఏదీ లేదు. మంచు దేశంలో పొయ్యి పక్కన కూర్చుని కిటికీలోంచి చూసేదీ ఇదే. అక్కడ అద్దం అడ్డం ఉంటుంది, ఇక్కడ అద్దం లేదు.

కాబట్టి నేను అడిగేది చాలా చిన్నది. ఆ పక్షుల లెక్కవాళ్లు అడిగినట్టే, 15 నిమిషాలు. మోటారు వేసి నీళ్లు మడికి పారేదాకా ఎలాగూ గట్టు మీద ఉంటారు. బడికి పోయే పిల్లలు బస్సు వచ్చేదాకా ఎలాగూ రోడ్డు పక్కన నిలబడతారు. మగ్గం గుంటలో నుంచి లేచి నడుము సాగదీసుకోవడానికి ఎలాగూ వాకిట్లోకి వస్తారు. ఆ నిలబడ్డ సమయంలోనే చూడమంటున్నాను. ఫోనూ వద్దు, దుర్భిణీ వద్దు. ఏది గెంతుతుంది, ఏది నడుస్తుంది, ఏది తోక ఆడిస్తుంది, ఏది నేలకు దగ్గరగా తేలుతూ పోతుంది. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అవ్వను అడగండి, తాతను అడగండి. పుస్తకాల్లో లేని పేరు ఒకటి వాళ్ల నోట్లోంచి రావచ్చు. వస్తే రాసిపెట్టండి.

శివరాత్రికి చలి “శివ శివా” అంటూ వెళ్లిపోతుందంటారు. కాటుకపిట్ట మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఎండ ముదురుతుంది, శనగ కోత అయిపోతుంది, చేను మోడుగా మిగులుతుంది. బోరు నీళ్లు సన్నబడతాయి. ఐనా కాలువ గట్టు మీద ఆ తోక ఆడుతూనే ఉంటుంది. అక్కడ, ఎక్కడో హిమాలయాల అవతల, మంచు కరిగి నేల తడి తేలుతుంటుంది. ఒక పొద్దున గట్టు ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి ఊళ్లో ముందుగా తెలిసేది మోటారు వెయ్యడానికి వచ్చిన మనిషికే. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, కాలువ వైపు ఒకసారి చూసి, “పోయింది” అనుకుంటాడు.